అమ్మవారు పోసిందయ్యా!

1801 మే 24. పాంచాలంకురిచ్చి కోట కూలింది. మార్చి 31న ఇదే కోట మీదికి ఎగబాకి చావుదెబ్బ తిన్న కుంఫిణీ సేన, ఈసారి కర్నల్ ఆగ్న్యూ వెంట పెద్ద బలగంతో వచ్చింది. కోట వదిలి పరుగెత్తిన వాళ్ళను గుర్రపు దళం పొలాలకడ్డంపడి తరిమి నరికింది. అందరికన్నా ముందు వాళ్ళకు కావలసినవాడు ఊమైదురై.

పుట్టు మూగ. కయత్తారులో 1799 అక్టోబర్ 16న ఉరికంబమెక్కిన పాంచాలంకురిచ్చి పాలెగాడు వీరపాండ్య కట్టబొమ్మనకు తమ్ముడు. ఇంట్లో తెలుగు మాట్లాడే రాజకంబళం నాయకర్లు వాళ్ళు. పాళయంకోట చెర నుంచి ఇతన్ని అనుచరులు 1801 ఫిబ్రవరి 2న తప్పించారు. ఆ వేళ తెల్లదొరలు విందులో ఉన్నారు. ఊమైదురై మాట్లాడే తీరును, ఆ యుద్ధంలో ఉన్న జేమ్స్ వెల్ష్ రాసిపెట్టాడు. ఎడమ అరచేతిలో నాలుగు గడ్డిపరకలు పేరుస్తాడు, అవే ఇంగ్లీషు సేన. కుడిచేత్తో వాటిని ఊడ్చేసి నోటితో ఈల లాంటి చప్పుడు చేస్తాడు. అంతే, దాడి మొదలు! జనం అతన్ని ‘సామి’ అనేవాళ్ళు.

ఆ సామి ఇప్పుడు ఒళ్ళంతా గాయాలతో శవాల మధ్య పడి ఉన్నాడు.

కోటకు కొంత దూరంలోని పల్లె నుంచి ఆడవాళ్ళు తమ వాళ్ళను వెతుక్కుంటూ వచ్చారు. ఒక తల్లికి కొడుకు కనిపించాడు, కొనఊపిరితో. ఒళ్ళోకి తీసుకోబోతే వాడు వద్దన్నాడు. నేనెలాగూ పోతాను, పక్కనే సామి ఉన్నాడు, ఆయన్ని బతికించమన్నాడు. ఆమె కొడుకును అక్కడే వదిలి, తోటి ఆడవాళ్ళతో కలిసి సామిని ఇంటికి మోసుకొచ్చింది. అలా వదిలి రావడానికి ఎంత గుండె కావాలి!

ఇంతలో ఎట్టయపురం సైనికులు వస్తున్నారని తెలిసింది. ఎట్టయపురం పాలెగాళ్ళదీ ఆ కంబళం సమూహమే, కానీ కుంఫిణీ పక్షం. దాచడానికి చోటు లేదు, పారిపోవడానికి వేళ లేదు. ఆడవాళ్ళు అతని మీద నిలువునా గుడ్డ కప్పారు. చుట్టూ కూర్చుని గుండెలు బాదుకుంటూ శోకాలు ఎత్తుకున్నారు.

“ఏమైంది?”

“అమ్మవారు పోసిందయ్యా! కుర్రాడు ఇప్పుడే పోయాడు!”

కత్తులూ బల్లేలూ పట్టుకుని వచ్చిన మగధీరులు మళ్ళీ వెనక్కి చూడలేదు. ఒకటే పరుగు! గుడ్డ తొలగించి చూసే ధైర్యం ఒక్కడికీ లేకపోయింది. వెల్ష్ రాసిన ఈ ఘట్టం చదివినప్పుడల్లా నాకు నవ్వు ఆగదు, వెంటనే ఆ తల్లి గుర్తొచ్చి ఆ నవ్వు నిలవదు.

మశూచి అంటే ఆ భయం ఊరికే రాలేదు. జెన్నర్ టీకా మన దేశం చేరింది మరుసటి ఏడు, 1802లో. అప్పటిదాకా జనానికి దిక్కు మశూచి దేవత మారియమ్మే. విరుదునగర్ జిల్లా ఇరుక్కన్‌గుడి మారియమ్మ గుడికి ఇప్పటికీ జనం పోటెత్తుతారు.

కౌబాయ్ సినిమాలో అయితే ప్రాణం నిలపడానికి తుపాకీ పట్టిన హీరో గుర్రం మీద రావాలి. ఇక్కడ ఒక గుడ్డా, ఒక అబద్ధమూ సరిపోయాయి.

ఊమైదురై కోలుకున్నాడు, శివగంగ మరుదు సోదరులతో కలిసి మళ్ళీ పోరాడాడు. చివరికి పట్టుబడ్డాడు, 1801 నవంబర్ 16న పాంచాలంకురిచ్చిలోనే ఉరితీశారు. అంటే ఆ ఆడవాళ్ళు అతనికి దాదాపు ఆరు నెలల ఆయుష్షు పోశారు.

వెల్ష్ 1830లో అచ్చేసిన తన జ్ఞాపకాల్లో ఈ సంగతంతా రాశాడు. ఆ తల్లి పేరు మాత్రం రాయలేదు. విరుదునగర్ నుంచి కోవిల్‌పట్టి మీదుగా తిరునల్వేలి వెళ్ళే తెలుగువాళ్ళు కయత్తారులో కట్టబొమ్మనకు దండం పెట్టుకుంటారు. దయచేసి పాంచాలంకురిచ్చికీ వెళ్ళండి. అక్కడ మీ పిల్లలకు ఆ తల్లి కథ చెప్పండి.