జిగురు వదలడమూ ఒక గుణమే

విజయనగరంలో 1919లో సంగీత కళాశాల పుట్టింది. ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడ వయొలిన్ ఆచార్యులై, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఈ ప్రాంతపు వయొలిన్ చరిత్ర అంటే వాయించినవాళ్ల చరిత్రే రాస్తాం. వాద్యం బతికేది మాత్రం బాగుచేతల మీద. శ్రీకూర్మం నుంచి భీమిలి దాకా తీరమంతా వీచే తేమగాలికి తోలుజిగురు మెత్తబడి పైపలక అతుకు విడుతుంది. తయారీలోపం కాదా అంటే, కాదు. మొండిజిగురుతో బిగిస్తే అతుకు బదులు పలకే చీలుతుంది. అతుకు విడితే పల్చటి కత్తి దూర్చి పలక ఎత్తొచ్చు, లోపలి పగులుకు చిన్న చెక్కముక్కలు అంటించి మళ్లీ మూయొచ్చు.

వయొలిన్ బాగుచేత మనది కాని విద్య అనేవాళ్లున్నారు. కొంత నిజమే, పనసదుంగను తొలిచి బొబ్బిలి వీణ చేసే గొల్లపల్లి పనివారికి స్ప్రూస్, మేపుల్ పలకలు కొత్త. కానీ వీణమెట్లు నిలిచేది మసి కలిపిన మైనంలో. ఎండలకు అది మెత్తబడి మెట్టు కదిలితే శ్రుతి చెడుతుంది, మళ్లీ మేళం కట్టాల్సిందే, అంటే మెట్లను శ్రుతికి తిరిగి అమర్చాల్సిందే. విప్పి సరిచేసుకునే వీలుంచడం ఇక్కడివాళ్లకు వయొలిన్ నేర్పలేదు. అది కొత్తగా అడిగింది సౌండ్‌పోస్టు పనితనం: ఎఫ్ ఆకారపు రంధ్రంలోంచి వంపుకడ్డీతో నిలబెట్టే ఆ పుల్ల వెంట్రుకవాసి జరిగినా నాదం మారిపోతుంది.