అద్దం తీసేసిన కెమెరా, గొట్టం సాగదీసిన కెమెరా

మొదటి కెమెరా కొందామని కొట్టుకు వెళ్లినవాళ్ల ముందు ఇప్పుడు రెండు రకాలు పెడతారు. ఒకటి కానన్ ఆర్50 లాంటి చిన్న మిర్రర్‌లెస్. లెన్స్ మార్చుకోవచ్చుగానీ దాంతో వచ్చే కిట్ లెన్స్ జూమ్ రెండున్నర ఇంతలే. రెండోది నికాన్ పీ950 లాంటి సూపర్‌జూమ్. దీని లెన్స్ ఊడదు, మారదు. పెట్టె మీద మాత్రం 83ఎక్స్ అని కొట్టొచ్చినట్టు రాసుంటుంది. జేబులో పట్టేది కావాలంటే 30ఎక్స్, 40ఎక్స్ రకాలూ ఉన్నాయి. రెండున్నర ఎక్కడ, ఎనభై మూడెక్కడ! కొనేవాడి చెయ్యి ఎటు పోతుందో చెప్పక్కర్లేదు. కొట్టువాడు మాత్రం “ఏం తీస్తారు సార్?” అని అడుగుతాడు. అడగాల్సిన ప్రశ్నే. ఎందుకో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

పైకి పోటీదారుల్లా కనిపిస్తాయిగానీ ఈ రెండు కెమెరాలూ దాయాదులు. ఒకే ఇంట పుట్టి, ఉన్న ఆస్తిని రెండు రకాలుగా పంచుకుని వేరుపడ్డాయి. ఒకటి తన భాగం కింద పెద్ద సెన్సర్ తీసుకుంది. ఇంకొకటి గాజు తీసుకుంది.

ముందు అద్దం సంగతి. లెన్స్‌లోంచి వచ్చే బొమ్మనే కంటితో చూసి ఫొటో తీయాలన్న ఆశ పాతదే. లెన్స్ వెనక ఏటవాలుగా అద్దం పెట్టి, ఫొటో తీసే క్షణంలో దాన్ని పైకి లేపే పద్ధతికి థామస్ సట్టన్ 1861లోనే ఇంగ్లండులో పేటెంట్ తీసుకున్నాడు. 35 ఎంఎం ఫిల్ముకు ఆ పద్ధతిని 1936లో జర్మనీవారి ఎగ్జాక్టా తెచ్చింది. కుడిఎడమలు తారుమారు కాకుండా కంటికి నేరుగా చూపించే పెంటాప్రిజం 1949లో కాంటాక్స్ ఎస్‌తో వచ్చింది. లేచిన అద్దం వెంటనే కిందికి దిగే ఏర్పాటును జపాన్‌లో అసాహీ కంపెనీ 1954లో పెట్టింది. 1959లో నికాన్ ఎఫ్ వచ్చాక పత్రికా ఫొటోగ్రాఫర్లు దాదాపు అందరూ ఈ దారి పట్టారు. ఎస్సెల్లార్ అంటే ఇదే.

అద్దానికి చెల్లించే అద్దె మాత్రం ఎక్కువ. అది లేచి దిగడానికి లెన్స్‌కీ ఫిల్ముకీ మధ్య ఖాళీ వదలాలి. నికాన్‌లో ఆ దూరం 46.5 మిల్లీమీటర్లు, కానన్‌లో 44. ఆ ఖాళీ వల్ల బాడీ లావెక్కింది, వెడల్పు కోణం లెన్సులు గీయడం కష్టమైంది. ఫిల్ము ఉన్నన్నాళ్లూ తప్పలేదు, ఎందుకంటే బొమ్మ ఎలా వస్తుందో ఫిల్ము ముందుగా చూపించలేదు. సెన్సర్ చూపిస్తుంది. 1995లో కాసియో క్యూవీ-10 వెనక చిన్న తెర పెట్టి, తీయబోయే బొమ్మను సెన్సర్ నుంచే చూపించింది. ఆ తర్వాత జేబు కెమెరాలన్నీ అంతే. అంటే అద్దం లేని డిజిటల్ కెమెరా తొంభైల్లోనే జనం జేబుల్లో ఉంది. అదేమీ గొప్ప విషయమని అప్పుడెవరూ అనుకోలేదు.

జూమ్ కథ ఇంకో వీధిలో నడిచింది. ఆస్ట్రియాలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ ఫ్రాంక్ బ్యాక్ టెలివిజన్ కెమెరాలకు జూమార్ లెన్సులు చేశాడు. స్టిల్ కెమెరాకు ఆయన రూపొందించిన 36–82 ఎంఎం జూమార్‌ను వోయిగ్ట్‌లాండర్ 1959లో అమ్మింది. రెండింతలకు కాస్త పైన, అంతే. 1988లో చినాన్ జెనిసిస్, రికో మిరాయ్, 1990లో ఒలింపస్ ఐఎస్-1 వచ్చాయి. ఎస్సెల్లార్ లాంటి కన్ను, ఊడని జూమ్ లెన్స్. గోచీకి పెద్ద, అంగవస్త్రానికి చిన్న అన్నట్టు ఉండేవి. వ్యాపారులు వాటిని బ్రిడ్జ్ కెమెరాలన్నారు. ఫిల్ము కాలంలో ఆ వంతెన మీద పెద్దగా ఎవరూ నడవలేదు.

డిజిటల్ వచ్చాక ఆ వంతెనకు ప్రాణం వచ్చింది. కారణం సెన్సర్ చిన్నది కావడం. 1997లో సోనీ మావికా ఎఫ్‌డీ7 బొమ్మల్ని ఫ్లాపీ మీద రాసేది. జూమ్ 10 ఇంతలు. 2000లో ఒలింపస్ సీ-2100 కూడా 10 ఇంతలే, కానీ చెయ్యి వణికినా బొమ్మ చెదరకుండా చూసే ఏర్పాటు దాని లెన్స్‌లో ఉంది. 2002లో పానాసోనిక్ ఎఫ్‌జెడ్1 లైకా పేరున్న 12 ఇంతల లెన్స్ పెట్టి, 35 నుంచి 420 ఎంఎం దాకా ఎఫ్/2.8 నిలబెట్టింది. 35 ఎంఎం ఫిల్మంత సెన్సర్ ఉండే ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 420 ఎంఎం, ఎఫ్/2.8 అంటే చంటిబిడ్డంత బరువు మోయాలి. ఇదేమో చేతిసంచిలో పట్టింది. సెన్సర్ గోరంత కూడా లేదు కాబట్టి కుదిరింది. 2006లో అదే కంపెనీ టీజెడ్1లో కాంతి దారిని మడిచి 10 ఇంతల జూమ్‌ను జేబు సైజుకు తెచ్చింది. ప్రయాణాల కోసమంటూ ట్రావెల్ జూమ్ అన్న జాతి అక్కడ మొదలైంది.

ఇక్కడే చాలామంది పట్టించుకోని కెమెరా ఒకటుంది. 2005లో వచ్చిన సోనీ ఆర్1. ఎస్సెల్లార్‌లో ఉండేంత పెద్ద సెన్సర్. లెన్స్ మాత్రం బ్రిడ్జ్ కెమెరాలా ఊడదు. అద్దం లేదు, తెర మీదే బొమ్మ. అద్దం లేకపోయేసరికి లెన్స్ చివరి గాజును సెన్సర్‌కు సుమారు రెండు మిల్లీమీటర్ల దూరం దాకా తీసుకుపోయారు. పెద్ద సెన్సర్ తెర మీద నడుస్తుందని, అద్దం తీసేస్తే లెన్స్ బాగుపడుతుందని ఒకే దెబ్బకు తేలింది. ఇక లెన్స్ ఊడేలా చేయడమే మిగిలింది. సోనీ అప్పట్లో ఆ దారిన ముందుకు పోలేదు, ఆర్2 రానే లేదు.

ఆ పని ఒలింపస్, పానాసోనిక్ చేశాయి. 2008 ఆగస్టులో మైక్రో ఫోర్ థర్డ్స్ ప్రకటించాయి. అద్దం తీసేసి, లెన్స్‌కీ సెన్సర్‌కీ మధ్య దూరాన్ని సుమారు 39 మిల్లీమీటర్ల నుంచి 19కి తగ్గించాయి. మరుసటి నెలలోనే పానాసోనిక్ జీ1 బయటపడింది. నలుపుతో పాటు ఎరుపు, నీలం రంగుల్లో కూడా అమ్మారు. 2009 జూన్‌లో ఒలింపస్ ఈ-పీ1 వచ్చింది. పేరు, వాలకం యోషిహిసా మైతాని 1959లో గీసిన సగం ఫ్రేము పెన్ కెమెరావి. మైతాని ఆ జూలై చివరిలో చనిపోయారు. 2010లో సోనీ నెక్స్, 2012లో ఫూజీ ఎక్స్-ప్రో1, కానన్ ఈఓఎస్ ఎమ్ వచ్చాయి. నికాన్ 2011లో ఒక అంగుళం రకం సెన్సర్ పెట్టి నికాన్ 1 తెచ్చింది, 2018లో మూసేసింది. తమ ఎస్సెల్లార్ అమ్మకాలు దెబ్బతింటాయని భయపడి చిన్న సెన్సర్ పెట్టారని నా అనుమానం. నిజమైతే ఆ భయానికి ఏడేళ్లు పోయాయి.

తొలి మిర్రర్‌లెస్‌లకు అసలు లోపం ఫోకస్. ఎస్సెల్లార్‌లో అద్దం కింద ప్రత్యేక సెన్సర్లు ఉండి, లెన్స్ ఎటు ఎంత తిరగాలో ఒక్క చూపులో చెప్పేవి. 1985లో మినోల్టా 7000 నుంచి ఇదే వరస. అద్దం పోతే అవీ పోతాయి. మిర్రర్‌లెస్ పాపం ముందుకీ వెనక్కీ తడుముకుంటూ బొమ్మ ఎక్కడ పదునుగా ఉందో వెతుక్కునేది. పరిగెత్తే పిల్లవాడు దానికి దొరికేవాడు కాదు. ఆ సెన్సర్లను బొమ్మ తీసే సెన్సర్ మీదే నాటితే? ఆ ఆలోచనతో 2010లో మొదట అమ్మకానికొచ్చిన కెమెరాల్లో ఒకటి ఫూజీఫిల్మ్ ఎఫ్300ఈఎక్స్ఆర్. అదేం కెమెరానుకుంటున్నారు? 15 ఇంతల జూమ్ ఉన్న జేబు కెమెరా! మిర్రర్‌లెస్‌ను నిలబెట్టిన విద్య ముందు దాయాది ఇంట్లోనే పుట్టింది. 2014లో సోనీ ఏ6000 అలాంటి 179 ఫోకస్ బిందువులతో సెకనుకు 11 ఫొటోలు తీసింది. అక్కడితో ఎస్సెల్లార్ వేగం గొప్ప పోయింది. కంటికానించుకుని చూసే ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్ కూడా ముందు కొన్నేళ్లు సూపర్‌జూమ్‌లలోనే పెరిగింది.

ఈలోగా ఫోన్ వచ్చింది. జపాన్ కెమెరా కంపెనీల సంఘం సీపా లెక్కల ప్రకారం 2010లో 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు ఫ్యాక్టరీలు దాటాయి. 2020లో 90 లక్షలు కూడా దాటలేదు. మామూలు జేబు కెమెరా పనిని ఫోన్ ఊడ్చేసింది. ఫోన్ చేయలేనివి రెండే మిగిలాయి. పెద్ద సెన్సర్ పెట్టలేదు, పొడుగు లెన్స్ పెట్టలేదు. దాయాదులిద్దరూ చెరో చోటికి పారిపోయారు. మిర్రర్‌లెస్ సెన్సర్ వైపు నిలబడి 2020లో అమ్మకాల్లో ఎస్సెల్లార్‌ను దాటింది. సూపర్‌జూమ్‌లు ఎక్స్‌ల పందెం మొదలెట్టాయి. 2012లో కానన్ ఎస్ఎక్స్50 50 ఇంతలు, 2014లో ఎస్ఎక్స్60 65, 2015లో నికాన్ పీ900 83, 2018లో పీ1000 125. పీ900తో చంద్రుడి మీద గుంటల దాకా జూమ్ చేసిన వీడియోలు యూట్యూబ్‌లో ఊరూరా తిరిగాయి.

ఇప్పుడు కొట్టువాడి ప్రశ్నకు రావచ్చు. పీ950 సెన్సర్ వైశాల్యం 28 చదరపు మిల్లీమీటర్లు, ఆర్50ది 330 పైన. పదకొండు రెట్లకు మించిన తేడా. ఇది చూసి చాలామంది సూపర్‌జూమ్‌ది అసలు బొమ్మే కాదని తీర్పు చెప్పేస్తారు. నేనలా అనను. చూడాల్సింది కాంతి లోపలికొచ్చే వాకిలి వెడల్పు. ఎంఎంను ఎఫ్ అంకెతో భాగిస్తే అది తెలుస్తుంది. పీ950 చివరిదాకా సాగినప్పుడు దాని లెన్స్ నిజానికి 357 ఎంఎం, ఎఫ్/6.5. వాకిలి 55 మిల్లీమీటర్లు. ఆర్50కి కానన్ 100–400 తగిలిస్తే చివర్లో ఎఫ్/8, వాకిలి 50 మిల్లీమీటర్లు. అంటే దూరాన ఉన్న అదే పక్షి నుంచి రెండూ దాదాపు ఒకే మొత్తం కాంతిని పోగుచేస్తున్నాయి. పైగా ఆర్50 బొమ్మను పీ950 అంత దగ్గరగా కత్తిరిస్తే 24 మెగాపిక్సెళ్లలో మిగిలేది రెండున్నర. ఆ 100–400 లెన్స్‌కు విడిగా డబ్బు కట్టాలి కూడా. దూరం చూడటంలో సూపర్‌జూమ్ మోసం చేయడం లేదు. తన భాగానికి వచ్చిన గాజును నిజాయితీగానే వాడుతోంది.

ఇంట్లోకి రండి. పుట్టినరోజు కేకు, ట్యూబ్‌లైటు వెలుగు. వెడల్పు కోణంలో పీ950 వాకిలి ఒకటిన్నర మిల్లీమీటర్లు. ఆర్50 కిట్ లెన్స్‌ది 4. అదే ఆర్50కి కానన్ అమ్మే చవక 50 ఎంఎం ఎఫ్/1.8 తగిలిస్తే 28 దాకా. ఇక్కడ పోటీయే లేదు. పెళ్లి పందిరిలోనూ, సాయంత్రం సందులోనూ, నిద్రపోతున్న పసిపిల్ల దగ్గరా సూపర్‌జూమ్ మనకిచ్చేది ముతకబొమ్మ. దీనికి 83ఎక్స్ ఏ రకంగానూ సాయపడదు.

దూరంలో కూడా ఒక గీత ఉంది. కాంతి సన్నని వాకిలి దాటినప్పుడు చెదురుతుంది. పీ1000ను ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 3000 ఎంఎం దాకా సాగదీస్తే ఎఫ్/8 దగ్గర ఒక కాంతి బిందువు సెన్సర్ మీద పది మైక్రాన్ల మచ్చగా పడుతుంది. దాని పిక్సెల్ వెడల్పు మైక్రాన్‌న్నర కూడా లేదు. ఒక్క చుక్క ఏడెనిమిది పిక్సెళ్ల మీద పరుచుకుంటుందన్నమాట. పెట్టె మీద రాసిన 16 మెగాపిక్సెళ్లు అక్కడ కాగితం మీదివే. దానికి తోడు గాలి. పులికాట్ ఒడ్డున మధ్యాహ్నం కిలోమీటరు దూరాన ఉన్న రాజహంసను జూమ్ చేస్తే కనబడేది ఎండమావిలో ఊగే గులాబి రంగు. ఏ లెన్సూ దాన్ని సరిచేయలేదు. పొద్దున్నే వెళ్లడం ఒక్కటే మందు.

నేలపట్టులోనో, కొల్లేరు దగ్గర ఆటపాకలోనో గూళ్ల మీద కూర్చున్న గూడబాతులను చూసి, పేరు గుర్తుపట్టి, ఫోన్లో పంచుకుంటే చాలనుకునేవారికి నా ఓటు సూపర్‌జూమ్‌కే. కూర్చున్న పక్షికి, పట్టపగలు, అంత డబ్బులో అంత దూరం ఇంకేదీ చూపించదు. ఎగిరే పక్షి కావాలంటే మాత్రం మాట మారుతుంది. పీ950 ఇంకా తడుముకునే ఫోకస్‌తోనే ఉంది. ఆర్50 పక్షి కన్ను ఎక్కడుందో వెతికి పట్టుకుంటుంది. ఇంట్లో పిల్లలు, పండగలు, వీడియో అన్నవాళ్లకు మిర్రర్‌లెస్ తప్ప వేరే మాట చెప్పను. ఒకే షరతు: కిట్ లెన్స్‌తో ఆగిపోతే సగం కెమెరానే కొన్నట్టు. ఆ 50 ఎంఎం లాంటిది ఒకటి బడ్జెట్‌లో ముందే కలుపుకోవాలి.

ఒక అంగుళం రకం సెన్సర్‌తో మధ్యేమార్గం చూపించిన సోనీ ఆర్ఎక్స్10 వరస బాగుండేది. 2017 నాటి నాలుగో మోడల్ 24–600 ఎంఎం ఇచ్చింది. ధర చూస్తే మొదటి కెమెరా అనే మాట మర్చిపోవాలి.

కంపెనీల మనసు ఎటుందో కూడా చూసుకోవాలి. సూపర్‌జూమ్ పరిశోధన దాదాపు ఆగిపోయింది. 2025లో నికాన్ పీ1100 తెచ్చిందిగానీ చెప్పుకోదగ్గ మార్పు యూఎస్‌బీ-సీ. పానాసోనిక్ అదే ఏడాది తెచ్చిన టీజెడ్99లో యూఎస్‌బీ-సీ పెట్టి, పాతదానిలో ఉన్న వ్యూఫైండర్ పీకేసింది. చవక మిర్రర్‌లెస్‌లలోనూ అదే జబ్బు ఉంది. సోనీ జెడ్‌వీ-ఈ10, నికాన్ జెడ్30 వ్లాగర్లను చూసి చేసినవి, వాటిలోనూ వ్యూఫైండర్ లేదు. ఏసీ కొట్టులో తెర చక్కగా కనిపిస్తుంది. కొనేముందు కొట్టువాణ్ణి అడిగి కెమెరాను ఒకసారి బయటికి, రోడ్డు మీది ఎండలోకి తీసుకెళ్లి, పూర్తిగా జూమ్ చేసి, ఎదురు కరెంటు తీగ మీది కాకిని తెరలో వెతకండి.