తల్లుల మాట ఆలకించిన వైద్యుడు

1941లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో నార్మన్ గ్రెగ్ అనే నేత్రవైద్యుని వద్దకు పుట్టుశుక్లాలతో పసిబిడ్డలు వరుసగా రాసాగారు. వంశదోషమనుకొందామంటే సంఖ్య మరీ ఎక్కువ. గర్భం తొలినెలల్లో తమకు జర్మన్ తట్టు, అనగా రుబెల్లా, సోకిందని తల్లులు చెప్పిన మాటను ఆయన కొట్టిపారవేయలేదు. తోటి వైద్యులను కూడ అడిగి 78 మంది శిశువుల వివరాలు సేకరించగా, 68 మంది తల్లులకు ఆ జబ్బు వచ్చినట్లు తేలింది.

మూడునాళ్లు దద్దురు లేచి పోయే అల్పవ్యాధి కడుపులోని బిడ్డ కన్నులనూ గుండెనూ చెరుపుతుందంటే ఎవరు నమ్ముతారు? 1944లో కూడ లండన్ ‘లాన్సెట్’ పత్రిక ఇది రుజువు కాలేదనే వ్రాసింది. ఆ ఆక్షేపణ పూర్తిగా అన్యాయమూ కాదు. తట్టు సోకినా ఆరోగ్యవంతులైన బిడ్డలను కన్న తల్లులు గ్రెగ్ లెక్కలోకి రాలేదు. తర్వాతి పరిశీలనలు మాత్రం ఆయన పక్షమే పలికాయి. అవయవాలు రూపొందే తొలి మూడునెలల్లో వైరస్ మావిని దాటి పిండంలో ప్రవేశిస్తుంది. 1962లో దానిని వేరుచేశారు. 1969లో టీకా వచ్చింది.