సాన్ బౌదేలియో గోడలు

మా ఊరు కసీయాస్ దే బెర్లాంగా. స్పెయిన్‌లో అన్నిటికన్నా తక్కువ జనం ఉన్న సోరియా ప్రాంతంలో, దువేరో నదికి దక్షిణాన, రాళ్ళూ ఎండుగడ్డీ పరుచుకున్న గుట్టల మధ్య ఉంటుంది. ఊరి బయట ఒక గుట్ట వాలులో సాన్ బౌదేలియో మందిరం ఉంది. వయసు సుమారు వెయ్యేళ్ళు. ఉత్తరాది క్రైస్తవ రాజులూ కోర్డోబా ముస్లిం పాలకులూ ఈ నేల కోసం కొట్లాడుకున్న కాలం అది. బయట అలంకారమేమీ లేదు. మట్టిరంగు గోడలు, గుర్రపు లాడం వంపుతో ఒక గుమ్మం, అంతే.

లోపల అడుగుపెట్టగానే నడిమధ్య ఒక లావుపాటి స్తంభం. దాని తల నుంచి ఎనిమిది రాతి పట్టీలు ఖర్జూరపు మట్టల్లా విచ్చుకుని పైకప్పును మోస్తాయి. మట్టలు కలిసేచోట, ఒక మనిషి ముడుచుకుని కూర్చోగలిగినంత చిన్న గది. అదెందుకో పండితులు ఇప్పటికీ తేల్చలేదు. వెనకవైపు పొట్టి స్తంభాల వరసలు, వాటిని కలిపే లాడపు వంపులు. అది అచ్చంగా మసీదు కట్టే పద్ధతి. అక్కడినుంచే కొండలోకి ఒక గుహ వెళ్తుంది. మొదట ఆ గుహలో ఒక సన్యాసి ఉండేవాడనీ, మందిరం ఆ తర్వాతే వచ్చిందనీ చెబుతారు. చుట్టూ బండలో తొలిచిన పాత సమాధులున్నాయి.

పన్నెండో శతాబ్దంలో ఈ గోడలన్నిటికీ రంగులద్దారు. పైవరసల్లో క్రీస్తు జీవితం: గుడ్డివాడికి చూపు రావడం, లాజరు లేవడం, కానా పెళ్ళి, కడరా భోజనం. కింద మాత్రం వేట. కుందేళ్ళను తరిమే రౌతు, జింకకు గురిపెట్టిన విలుకాడు, డేగతో వేటగాడు, ఎలుగు, ఒంటె, వీపున కోటను మోస్తున్న ఏనుగు. గీసినవాడు ఏనుగును కళ్ళారా చూడలేదని తెలుగు పాఠకులు ఇట్టే పోల్చుకుంటారు. అండలూసియా పట్టుబట్టల మీద, దంతపు పెట్టెల మీద ఉండే బొమ్మలను చూసి నేర్చుకున్నాడని పండితుల మాట. అయినా ఆ ఏనుగులో నిజమైన బరువుంది.

1917లో ప్రభుత్వం మందిరాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించింది. ఆస్తి మాత్రం ఊళ్ళోని కొన్ని కుటుంబాల ఉమ్మడి సొత్తుగానే ఉండిపోయింది. 1922లో లియోనే లెవీ అనే కళావస్తువుల వర్తకుడు ఆ చిత్రాలకు 65,000 పెసెటాల బేరం కుదుర్చుకున్నాడు. సంగతి తెలిసి అధికారులు అడ్డుపడ్డారు. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. 1925లో తీర్పు అమ్మకం వైపే వచ్చింది, 1926లో చిత్రాలను ఊడదీశారు. గోడకు జిగురు గుడ్డ అంటిస్తారు. ఆరాక లాగితే పైనున్న రంగుపొర గుడ్డతో సహా వచ్చేస్తుంది. ఎనిమిది వందల ఏళ్ళ పని అలా చుట్టలు చుట్టుకుని సముద్రం దాటింది.

ఊరివాళ్ళు ఆశపడి అమ్ముకున్నారనే మాట ఇంకా వినిపిస్తుంది. నేనొప్పుకోను. వానను నమ్ముకుని గోధుమ పండించుకున్న, గొర్రెలు కాచుకున్న ఇళ్ళవి. వాళ్ళు అమ్మింది తమ ఆస్తిని, ఆ అమ్మకాన్ని దేశపు అత్యున్నత న్యాయస్థానమే సరేనంది. తప్పు పట్టాలంటే, స్మారకమని పేరుపెట్టి దాని గోడల మీది రంగును కాపాడలేని చట్టాన్ని ముందు పట్టాలి.

సముద్రం దాటిన చిత్రాల్లో కానా పెళ్ళి ఇండియానాపొలిస్‌కు, కడరా భోజనం బోస్టన్‌కు, ఒంటె న్యూయార్క్‌లోని క్లోయిస్టర్స్ మ్యూజియానికి, డేగ వేటగాడు సిన్సినాటీకి చేరాయి. గోడ మాత్రం పూర్తిగా ఖాళీ కాలేదు. లోపలి పూతలోకి ఇంకిన రంగు మిగిలింది. కాసేపు నిలబడి చూస్తే ఏ బొమ్మ ఎక్కడుండేదో పోల్చుకోవచ్చు.

1957లో ఏనుగు, ఎలుగు, రెండు వేటలతో సహా ఆరు చిత్రాలు మాద్రిద్‌లోని ప్రాడో మ్యూజియానికి తిరిగొచ్చాయి. ఊరికే రాలేదు. సెగోవియా ప్రాంతంలో ఫ్వెంతిద్వేన్యా అనే పల్లె ఉంది. అక్కడి సాన్ మార్తీన్ చర్చి అప్పటికే పాడుబడింది. బలిపీఠం ఉండే దాని అర్ధవలయ భాగాన్ని దాదాపు 3,300 రాళ్ళుగా విప్పి, బదులుగా న్యూయార్క్ పంపారు. మా ఏనుగు దేశానికి వచ్చిందని సంబరపడేవాళ్ళతో నేను గొంతు కలపలేను. ఆ మూల్యం మాలాంటి మరో పల్లె చెల్లించింది. కాగితాల ప్రకారం ప్రాడోలోని చిత్రాలు ఇప్పటికీ న్యూయార్క్ మ్యూజియానివే, అక్కడి రాళ్ళు స్పెయిన్ ప్రభుత్వానివే. రెండు పక్కలా జరిగింది అరువే కాబట్టి ఆ ఒప్పందాన్ని తిరగరాసే దారి మూసుకుపోలేదని నా నమ్మకం. రాసే రోజు వస్తే రెండు పల్లెలనూ అడిగి రాయాలి.