జర్మనీ వలస చరిత్ర 1884లో మొదలైందా?

నేను స్థిరపడిన ఈ జర్మనీలో వలస రాజ్యాల ప్రస్తావన వస్తే చాలామంది బిస్మార్క్ కాలంతో, 1884తో మొదలుపెడతారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓటమితో ముగిస్తారు. ఆఫ్రికాలో కొన్ని భూభాగాలు, పసిఫిక్‌లో కొన్ని దీవులు, మూడు దశాబ్దాల పైచిలుకు కాలం, అంతే. ఆ కాస్త కాలంలోనే నేటి నమీబియాలో హెరెరో, నామా ప్రజలను 1904-08 మధ్య ఊచకోత కోశారు. అది జాతిసంహారమని జర్మన్ ప్రభుత్వం ఒప్పుకున్నది 2021లో. అయినా స్పెయిన్, బ్రిటన్‌ల ముందు మా పాపం ఎంతలే అన్న ధోరణి ఇక్కడి మాటల్లో ఇంకా వినిపిస్తుంది. ఆ లెక్క మొదలే తప్పని నా వాదన. అందుకు నాకు ఆధారం ఆఫ్రికా గురించి రాసినవాళ్లు కాదు, స్పానిష్ అమెరికా మీద పనిచేసిన ఎన్రికే ఓటె అనే జర్మన్ చరిత్రకారుడు.

ఓటె పాఠాలు చెప్పింది బెర్లిన్ ఫ్రీ యూనివర్సిటీలో. పరిశోధన మాత్రం ఎక్కువగా స్పెయిన్‌లోని సెవిల్ నగరంలో సాగింది. అమెరికా వలసల కాగితాలన్నీ ఒకచోట చేర్చడానికి 1785లో స్పెయిన్ రాజు నెలకొల్పిన ఆర్కైవ్ అక్కడే ఉంది. ఆయనకు ముందు తరంలో ఈ రంగానికి పెద్దదిక్కు కొలోన్ ఆచార్యుడు రిచర్డ్ కొనెట్స్కె. స్పానిష్ అమెరికా సమాజం గురించిన రాజశాసనాలను ఏరి, 1953-62 మధ్య మాడ్రిడ్‌లో సంపుటాలుగా అచ్చు వేయించాడు. ఆ పని చిన్నది కాదు. ఒకే నిషేధం పదేపదే జారీ అయిందంటే అది అమలు కాలేదని శాసనమే చెప్పకనే చెబుతుంది. కాని దాన్ని ఎవరు మీరారో, ఎంత లాభానికి మీరారో శాసనంలో దొరకదు. ఓటె వెతికింది అదే. నోటరీ దస్తావేజులు, వర్తకుల ఒప్పందాలు, ఖజానా లెక్కలు, సొంత మనుషుల ఉత్తరాలు ఆయన సరుకు.

ఆ కాగితాల్లో జర్మన్ పేర్లు బయటపడ్డాయి. సెవిల్‌లో ముద్రణాలయం పెట్టిన యాకోబ్ క్రోంబెర్గర్ జర్మన్. 1539లో మెక్సికోకు అచ్చుయంత్రం పంపించింది అతని కొడుకే. ఆ ఇంటి అల్లుడు లాజరస్ న్యూరెంబెర్గర్ అంతకుముందు పోర్చుగీసు ఓడల్లో మన దేశానికీ వచ్చి వెళ్లాడు. జర్మన్ల అమెరికా వ్యాపారానికి పునాది వేసింది వీళ్లేనని ఓటె 1963లో నిరూపించాడు. వీళ్లకంటే పెద్ద చేయి ఆగ్స్‌బర్గ్ వడ్డీ వ్యాపారులు వెల్జర్లది. 1519లో ఐదవ చార్లెస్‌ను చక్రవర్తిగా ఎన్నిక చేయించడానికి ఖర్చయిన సుమారు 8,50,000 ఫ్లోరిన్లలో 1,43,000 వాళ్లే పెట్టారు. 1528లో వెనిజువెలా పాలన వాళ్ల చేతికి వచ్చింది. అదే ఏడాది వాళ్ల మనుషులు నాలుగు వేలమంది ఆఫ్రికన్ బానిసలను అమెరికాకు చేరవేసే ఒప్పందం కూడా రాయించుకున్నారు.

దీనికి చెప్పే మొదటి అభ్యంతరం, అప్పటికి జర్మనీ అనే దేశమే లేదని, వెల్జర్లు చక్రవర్తికి అప్పిచ్చిన ప్రైవేటు వ్యాపారులని, 1556కల్లా వెనిజువెలా వాళ్ల చేయి జారిపోయిందని. నిజమే. మరి గూటెన్‌బర్గ్‌నూ డ్యూరర్‌నూ మావాళ్లని చెప్పుకునేటప్పుడు దేశం లేకపోవడం ఎందుకు అడ్డురాదు? మంచికి ఒక హద్దు, చెడుకు ఇంకో హద్దు గీయడం కుదరదు. వర్తకుడు ముందు, జెండా తర్వాత అన్న వరస తెలుగువాళ్లకు కొత్త కాదు. మచిలీపట్నంలో ఇంగ్లిష్ కంపెనీ కొట్టు తెరిచింది 1611లో. ఉత్తర సర్కారులు దాని చేతికి చిక్కింది ఆ తర్వాత నూట యాభై ఏళ్లకు.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. లాభం తిన్న ప్రతివాడూ బాధ్యుడే అంటే చివరికి ఎవరూ బాధ్యులు కాకుండా పోతారు కదా? శాసనాలు మాత్రమే చదివితే ఆ ప్రమాదం ఉంది. ఓటె కాగితాల్లో పేరు, మొత్తం, తేదీ ఉంటాయి. 1977లో వచ్చిన ఆయన పుస్తకం వెనిజువెలా తీరాన ఉన్న కుబాగ్వా అనే దీవి గురించి. అక్కడ తాగునీరు లేదు, ఎదురు తీరంలోని కుమనా నుంచి పడవల్లో తెచ్చుకోవాలి. ముత్యాలున్నాయి కాబట్టి ఆ ఎండు నేలమీద నువేవా కాదిజ్ అనే పట్టణం లేచింది. సముద్రంలోకి దిగింది బానిసలు, వాళ్లలో బహామా దీవుల నుంచి పట్టుకొచ్చిన జనమూ ఉన్నారు. రాజుకు ఐదో వంతు. కొన్నేళ్లలోనే ముత్యపు చిప్పలు అడుగంటాయి, 1541లో ప్రకృతి విపత్తు మిగిలినదాన్ని తుడిచిపెట్టింది. క్రూరుడైన ఒక సేనాని కథగా దీన్ని చెప్పలేం. పెట్టుబడి, పడవ, పన్ను, గిరాకీ కలిసి చేసిన పని ఇది, ఒక్కొక్కదాని వెనుక మనిషి ఉన్నాడు.

ఓటెకు ఎక్కువ పేరు తెచ్చింది 1988లో అచ్చయిన ఉత్తరాల సంపుటి. 1540-1616 మధ్య అమెరికా చేరిన మామూలు స్పానియార్డులు ఇంటికి రాసినవి సుమారు 650. భార్యను, తమ్ముణ్ని, మేనల్లుణ్ని రమ్మని పిలిచే ఉత్తరాలు. ఓడెక్కే అనుమతి కోసం ఇంటివాళ్లు వాటిని అధికారులకు సాక్ష్యంగా ఇచ్చారు కాబట్టే మిగిలాయి. స్పాన్సర్ లెటర్‌తో వీసాకు నిలబడే మనవాళ్లకు ఈ తతంగం వివరించనక్కర్లేదు. అయితే ఇక్కడే ఒక లోపం ఉంది. చితికిపోయినవాడు ఎవరినీ రమ్మనడు, అతని ఉత్తరం దొరకదు. భూమి పోగొట్టుకున్న స్థానికుడి గొంతు అసలే లేదు. ఆ ఖాళీని ఈ సంపుటి పూడ్చలేదు, పూడుస్తుందని అనుకోవడమూ పొరపాటు. కాని అక్కడికి వెళ్లినవాళ్లలో ఎక్కువమంది కత్తి పట్టినవాళ్లు కాదని, మెక్సికోలోని ప్వేబ్లా నేతపనివాళ్ల లాంటి బతుకుతెరువు మనుషులని ఇంత నేరుగా చూపిన ఆధారం మరొకటి నాకు తెలియదు.

మన తీరం గురించీ ఇలాంటి కాగితాలున్నాయి. మచిలీపట్నం, పులికాట్‌లలోని డచ్ కంపెనీ కాగితాలు నేటికీ హేగ్‌లోని జాతీయ ఆర్కైవ్‌లో ఉన్నాయి. యూరప్‌కు చదువుకు వస్తున్న తెలుగు విద్యార్థుల్లో చరిత్ర మీద మనసున్నవాళ్లు కొందరైనా పాత డచ్ నేర్చుకుని, ఓటె చదివినట్టు వాటిని పేరు పేరునా చదవాలి.