బిడ్డలను తూచేవారు వకాల్తా పుచ్చుకొన్న కథ

పాలూ గ్రుడ్లూ ఇప్పించే ఉద్యోగికి శాసననిర్మాతలతో ఏమి పని? బిడ్డను త్రాసులో వేసి తూచడం, తల్లికి నాలుగు మంచిమాటలు చెప్పడం, సరుకులకు చీటీ వ్రాసి ఇవ్వడం - ఇంతటితో ఆ ఉద్యోగధర్మం తీరిపోయినదని ఎవరికైనా తోస్తుంది. అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని 'విక్' అనే పథకం చరిత్ర చూచినవారికి మాత్రం అట్లా తోచదు. స్త్రీలు, పసికందులు, బాలలు అనే అర్థంగల మూడు ఆంగ్లపదాల మొదటి అక్షరాలను కూర్చి పెట్టిన పేరు అది. పేదకుటుంబాలలోని గర్భిణులకు, బాలింతలకు, అయిదేండ్లు నిండని పిల్లలకు ఏరి కూర్చిన ఆహారమూ, పోషణను గురించిన సలహా, అవసరమైనప్పుడు వైద్యుల వద్దకు పంపే ఏర్పాటూ ఆ పథకం సమకూరుస్తున్నది.

ఈ కథకు మొదలు 1967లో ఉన్నది. అంతటి సంపన్నదేశంలో పస్తులుండేవారున్నారంటే నమ్మనివారు అప్పటికి చాలామంది. ఆ సంవత్సరం మిసిసిపీ రాష్ట్రంలో సెనేటు ఉపసంఘం విచారణ జరిపినప్పుడు మేరియన్ రైట్ అనే యువ న్యాయవాది, ఇక్కడి ప్రజలు తిండిలేక మాడుతున్నారు, మీరే వచ్చి చూడవలసినదని కోరినారు. రాబర్ట్ కెన్నెడీ, జోసెఫ్ క్లార్క్ అనే సెనేటర్లు ఏప్రిలులో డెల్టా ప్రాంతపు గుడిసెలకు పోయి పొట్టలుబ్బిన పిల్లలను కండ్లార చూచినారు. ప్రత్తిచేలలోకి యంత్రాలు రాగా కూలి పోగొట్టుకొన్న కుటుంబాలవి. కొద్దినెలలలోనే కొందరు వైద్యులు ఆ ప్రాంతపు పిల్లలను పరీక్షించి, తాము కన్నది సెనేటు ఎదుట చెప్పినారు. 1968లో సెనేటు ఈ విషయానికై ప్రత్యేక సంఘాన్ని ఏర్పరచినది. జార్జి మెక్‌గవర్న్ దానికి అధ్యక్షుడు.

ఇంతవరకు మాట్లాడినది న్యాయవాదులు, వైద్యులు, సెనేటర్లు. ఇదే కాలంలో మెంఫిస్ నగరంలోని సెయింట్ జూడ్ ఆసుపత్రిలో వైద్యులు మందుచీటీ మీద మందుకు మారుగా ఆహారం వ్రాసి ఇస్తూ ఉండినారు. ఆకలి రోగమైతే అన్నం ఔషధమే కదా! బాల్టిమోరులో డేవిడ్ పెయిజ్ అనే వైద్యుడు పసిబిడ్డల పాలకు చీటీలిచ్చే పద్ధతి నడిపినారు. పథకానికి అసలు నమూనా ఇటువంటి చోట్లనే తయారైనదని మా అభిప్రాయం.

1972 సెప్టెంబరు 26న చట్టం వచ్చినది. సభలో దానికి ముఖ్యంగా పూనుకొన్న హ్యూబర్ట్ హంఫ్రీ పూర్వం మందుల దుకాణం నడిపిన కుటుంబంవాడు, తానూ మందులు కట్టి ఇచ్చినవాడు కావడం ముచ్చటగా ఉన్నది. రెండేండ్లపాటు ప్రయోగంగా నడపడానికి సంవత్సరానికి 2 కోట్ల డాలర్లు నిర్ణయించినారు. చట్టమైతే వచ్చినది గాని, వ్యవసాయశాఖ ఆ డబ్బును కదపలేదు. 1973లో కొందరు న్యాయస్థానానికి పోగా, చట్టం చెప్పిన సొమ్ము ఖర్చు పెట్టవలసినదేనని తీర్పు వచ్చినది. అప్పటికిగాని, 1974 జనవరిలో కెంటకీ రాష్ట్రంలోని పైన్‌విల్ అనే చిన్న ఊరిలో మొదటి కేంద్రం తలుపు తెరువలేదు. 1975లో పథకాన్ని శాశ్వతం చేసే చట్టాన్ని అధ్యక్షుడు ఫోర్డు తిరస్కరిస్తే, అక్టోబరు 7న కాంగ్రెసు ఆ తిరస్కారాన్ని త్రోసివేసి దానిని నిలబెట్టినది. సరిగా అయిదు దినాలకు ముందు, గాంధీజయంతినాడు, మనదేశంలో సమగ్ర శిశు అభివృద్ధి పథకం 33 బ్లాకులలో ప్రారంభమైనది. మన అంగన్‌వాడీలకు పుట్టినదినం అదే. ఒకదానినొకటి ఎరుగని రెండు ఏర్పాట్లు ఒకే వారంలో గట్టిపడినవి.

శాశ్వతమన్న మాటలో ఒక మెలిక ఉన్నది. చట్టం శాశ్వతమే గాని డబ్బు కాదు. అర్హత గలవారందరికీ ఇచ్చి తీరవలెనన్న హక్కు ఈ పథకంలో లేదు. కాంగ్రెసు ఏటేటా ఎంత కేటాయిస్తే అంతమందికే. అది చాలకపోతే కేంద్రంలోని ఉద్యోగి కొన్ని కుటుంబాల పేర్లు వేచియుండే జాబితాలో వ్రాయవలసి ఉంటుంది. గర్భిణి నిరీక్షించవచ్చునేమో, గర్భం నిరీక్షించదు. ఆ జాబితా వ్రాయవలసిన చేయి శాసనసభ తలుపు తట్టడంలో వింత ఏమున్నది?

1982లో రీగన్ ప్రభుత్వం ఈ పథకాన్ని విడిగా ఉంచక, మాతాశిశు ఆరోగ్యానికై రాష్ట్రాలకిచ్చే గ్రాంటులో కలుపదలచినది. కాంగ్రెసు ఒప్పుకొనలేదు. మరుసటి ఏడు, 1983లో, రాష్ట్రాలలో ఈ పథకాన్ని నడిపే అధికారులు తమకంటూ ఒక జాతీయ సంఘాన్ని నిర్మించుకొన్నారు. వకాల్తా విద్య పద్ధతిగా నేర్వడానికి అది పునాది.

నేర్వడమంటే సులభం కాదు. ప్రభుత్వధనంతో శాసనకర్తలపై ఒత్తిడి తేరాదని అక్కడి నిబంధన. జీతం పుచ్చుకొనే వేళలో, కార్యాలయపు టెలిఫోనుమీద, ఈ బిల్లుకు వోటు వేయండి అని అడగరాదు. అడిగిన సమాచారం ఇవ్వవచ్చును. తమ కేంద్రానికి వచ్చి చూడవలసినదని పిలువవచ్చును. అంతకుమించి చెప్పదలిస్తే సెలవు పెట్టి, సొంత ఖర్చుతోనో సంఘం ఖర్చుతోనో, పౌరులుగా పోవలసినదే. ఈ గీత ఎక్కడ ఉన్నదో తెలిసికొనడమే మొదటి పాఠం. భయస్థులు గీతకు ఆమడదూరంలో ఆగి నోరు మూసుకొంటారు. ఉత్సాహవంతులు దాటిపోతారు. ఈ రెండింటిలో మొదటిదే పిల్లలకు ఎక్కువ చెరుపు అని మేము అనుకొంటున్నాము.

రెండవ పాఠం మాట పొదుపు. ఉద్యోగికి తెలిసినది కొండంత, శాసనకర్త కార్యాలయంలో దొరికే వేళ కొద్ది నిమిషాలు. అదీ పలుమార్లు ఆయన సహాయకుని ఎదుటనే. అక్కడ పథకం లెక్కలన్నీ ఏకరువు పెట్టేవారు ఓడిపోతారు. ఆయన నియోజకవర్గంలో ఎన్ని కుటుంబాలు వస్తున్నవి, చీటీల సొమ్ము ఏ ఊరి అంగళ్లకు చేరుతున్నది, ఒక కుటుంబానికి జరిగిన మేలు, చివరకు ఒక్క కోరిక - ఇంత చాలు. ఆకలి మాటకు కరగని ప్రతినిధి తన ఊరి కిరాణావర్తకుని మాటకు కరగడం కద్దు. ఇక కుటుంబం కథ చెప్పడంలోనూ చిక్కున్నది. ఆ వివరాలు రహస్యంగా ఉంచవలసినవి, తల్లి అనుమతి లేక బయటపెట్టరానివి. తల్లి తానే వచ్చి మాట్లాడితే అన్నిటికంటె మేలు. కాని ఆమెను ప్రదర్శనవస్తువుగా నిలబెట్టడం మాకు రుచించదు. ఏమి చెప్పవలెనో, ఏమి దాచుకొనవలెనో ఆమెయే నిర్ణయించుకోవలె.

1990లో ఒక అధ్యయనం వీరికి ఆయుధమైనది. అయిదు రాష్ట్రాలలో పరిశీలించగా, గర్భిణిపై పెట్టిన ప్రతి డాలరుకూ ప్రసవానంతరం మొదటి 60 దినాలలో పేదల వైద్యఖర్చులో 1.77 మొదలు 3.13 డాలర్ల దాకా మిగిలినదని తేలినది. ఈ పథకానికి వచ్చే తల్లులు అసలే జాగ్రత్తపరులేమో అని కొందరు ఆర్థికవేత్తలు తర్వాత శంకించినారు. శంక న్యాయమైనదే. అయినా ఆయవ్యయాల సంఘాలకు ఆ అంకె చెప్పినంత స్పష్టంగా మరేదీ చెప్పలేదు.

పాలపొడి సంగతి ఇంకా చిత్రం. ధరలు పెరిగిపోతూ ఉంటే, కంపెనీలను పోటీకి పిలిచి, ఎక్కువ సొమ్ము తిరిగి ఇచ్చే కంపెనీ పాలపొడినే ఆ రాష్ట్రంలో వాడే పద్ధతిని కొన్ని రాష్ట్రాలు మొదలుపెట్టినవి. 1989లో కాంగ్రెసు దానిని అందరికీ విధించినది. దానివలన ఏటా 100 కోట్ల డాలర్లకు పైగా తిరిగి వచ్చి, ఎందరో బిడ్డలకు చోటు దొరికినది. కాని 2022లో ఒక పెద్ద కర్మాగారం మూతపడి పాలపొడికి కరవు వచ్చినప్పుడు, ఒకే కంపెనీకి కట్టుబడిన చీటీ చేతబట్టుకొని తల్లులు ఖాళీ అరలముందు నిలిచినారు. పక్కన వేరొక డబ్బా ఉన్నా ఆ చీటీకి అది రాదు. అటువంటి అత్యవసర సమయాలలో నియమాలను సడలించే చట్టం మే నెలలో సభలు దాటి 21వ తేదీన సంతకం పొందినది. అంగడిలో తల్లికి ఎదురయ్యే ఇటువంటి చిక్కులు ముందుగా తెలిసేది కేంద్రంలోని ఉద్యోగికే.

2023 చివర నిధులు చాలవని మళ్ళీ భయం పుట్టినది. 2024 మార్చిలో కాంగ్రెసు 703 కోట్ల డాలర్లు, అనగా అంతకు ముందటి ఏటికంటె సుమారు 100 కోట్లు ఎక్కువ, కేటాయించినది. కూరగాయలు, పండ్లు కొనడానికి 2009లో పిల్లవానికి నెలకు 6 డాలర్లు ఇచ్చేవారు. 2024లో అది 26 డాలర్లు. దీనిని తగ్గించవలెనన్న ప్రతిపాదనలు 2023లోనూ 2025లోనూ ప్రతినిధుల సభలో వచ్చినవి. రెండుమార్లూ కేంద్రాలవారు సెలవులు పెట్టుకొని, జిల్లా లెక్కలు చేతబట్టుకొని, వాషింగ్టను బండి ఎక్కినారు.