బ్రాస్ బ్యాండ్ వాద్యాలు

ఇత్తడితో చేసిన ఊదుడు వాద్యాలు, వాటికి తోడుగా డ్రమ్ముల వంటి తాళవాద్యాలు మాత్రమే ఉండే బృందం బ్రాస్ బ్యాండ్. 19వ శతాబ్దంలో ఉత్తర ఇంగ్లండులోని మిల్లుల ఊళ్లలో, బొగ్గు గనుల పేటల్లో కార్మికుల చేతుల్లో ఇది ఇప్పటి రూపానికి వచ్చింది. యార్క్‌షైర్‌లోని క్వీన్స్‌బరీలో ఒక ఉన్ని మిల్లు అండతో 1855లో ఏర్పడిన బ్లాక్ డైక్ బ్యాండ్ నేటికీ అగ్రశ్రేణిలో ఉంది.

ఈ వాద్యాల్లో నాదానికి మూలం పెదవుల అదురు. గిన్నెలాంటి మౌత్‌పీస్‌కు పెదవులు ఆనించి ఊదితే గొట్టంలోని గాలి కంపిస్తుంది. శాక్సఫోన్ ఇత్తడిదే అయినా రీడుతో పలుకుతుంది కనుక ఈ కుటుంబంలోకి రాదు. ఉత్త గొట్టం కొన్ని స్వరాలనే ఇస్తుంది. మిగతావి పలికించేది, నొక్కితే గొట్టం పొడవు పెంచే వాల్వు. స్టోల్జెల్, బ్లూమెల్ అనే జర్మన్లు 1818లో దానికి పేటెంటు పొందారు. హార్మోనియం లెక్కలో చెబితే, రెండో వాల్వు నొక్కితే శ్రుతి ఒక మెట్టు, మొదటిది నొక్కితే రెండు, మూడోది నొక్కితే మూడు మెట్లు దిగుతుంది. అన్నీ కలిపి నొక్కినప్పుడు మాత్రం గొట్టం పొడవు కాస్త చాలక శ్రుతి పైకి పోతుంది. దీన్ని సరిదిద్దే అదనపు గొట్టాల ఏర్పాటును బ్లైక్లీ అనే ఆయన 1874లో రూపొందించాడు. యుఫోనియం, బాస్ అనే మంద్ర వాద్యాల్లో మంచివాటిలో నేటికీ అదే వాడుక.

1840లలో పారిస్‌లో అడాల్ఫ్ శాక్స్ రూపొందించిన శాక్స్‌హార్న్ అనే ఇత్తడి వాద్యాలు ఈ బృందానికి వెన్నెముక అయ్యాయి. పోటీల్లో వాయించే బ్యాండులో ఊదేవారు 25 మందికి అటూ ఇటూగా ఉంటారు. ట్రంపెట్, ఫ్రెంచ్ హార్న్ ఉండవు. పై స్థాయి అంతా కార్నెట్లదే: ఇ-ఫ్లాట్ సొప్రానో ఒకటి, బి-ఫ్లాట్‌వి తొమ్మిది. ఫ్లూగల్‌హార్న్ ఒకటి, టెనర్ హార్న్‌లు మూడు, బారిటోన్‌లు రెండు, యుఫోనియాలు రెండు, ట్రాంబోన్‌లు మూడు, అడుగున నాలుగు బాస్‌లు. ట్రాంబోన్‌కు మాత్రం వాల్వులకు బదులు జరిపే గొట్టం ఉంటుంది.

వీటిలో యుఫోనియం స్థానం ప్రత్యేకం. మౌత్‌పీస్ నుంచి గంట ఆకారపు చివర దాకా క్రమంగా వెడల్పయ్యే గొట్టం వల్ల దాని నాదం గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. మంద్రంలో పాట నడిపే భారం దానిదే. బ్యాండంతా ఒకే గొంతులా వినిపించడానికి కారణం కూడా ఇదే: ట్రాంబోన్‌లను మినహాయిస్తే ఎక్కువ వాద్యాలకు ఇలా విచ్చుకునే గొట్టమే ఉంటుంది.

కార్మికులకు అన్నిటికన్నా మేలు చేసింది స్వరలిపి. బాస్ ట్రాంబోన్ తప్ప ఊదే వాద్యాలన్నిటికీ ట్రెబుల్ క్లెఫ్‌లోనే రాస్తారు. వాల్వుల మీద వేళ్ల వరస కూడా ఒకటే. కార్నెట్ నేర్చినవారు లిపి, వేళ్లు మళ్లీ నేర్చుకోకుండానే టెనర్ హార్న్‌కో బాస్‌కో మారగలరు. పెదవులకు సాధన ఉంటే చాలు. ఊళ్లో మనుషులు తక్కువైనా బ్యాండు నిలబడడానికి దీన్ని మించిన ఉపాయం లేదు.

ఈ వాద్యాల స్థాయిని గుర్తించిన పెద్ద స్వరకర్తలూ ఉన్నారు. బ్రిటన్ జాతీయ పోటీల కోసం హోల్స్ట్ 1928లో ‘ఎ మూర్‌సైడ్ సూట్’, ఎల్గార్ 1930లో ‘సెవర్న్ సూట్’ రాశారు.

మన పెళ్లి ఊరేగింపుల బ్యాండు మేళం దీనికి దగ్గరి చుట్టమే గాని ఇదే కాదు. అందులో ట్రంపెట్లు, క్లారినెట్లు కూడా ఉంటాయి. అలాంటి మేళాలు వాయించే ఇత్తడి వాద్యాల తయారీకి మన దేశంలో పేరుపడ్డ ఊరు ఉత్తరప్రదేశ్‌లోని మీరట్.